రిపోర్టు ఎవరి ఫోన్‌కి రావాలి? టెస్టు ఫలితాలు ఆన్‌లైన్‌లో చూసే దారులు, వాటిలో మీకు నప్పేది

ల్యాబ్‌లో బిల్లు కట్టేటప్పుడు కౌంటర్‌లో అమ్మాయి తలెత్తకుండానే "ఫోన్ నంబర్ చెప్పండి" అంటుంది. వెనక క్యూ ఉంటుంది, పరగడుపున వచ్చిన కడుపు కాలుతుంటుంది, నోటికొచ్చిన నంబర్ చెప్పేస్తాం. అది తోడొచ్చిన అల్లుడిది కావచ్చు, బండి మీద దింపిన పక్కింటాయనది కావచ్చు. రిపోర్టు లింకు ఆ నంబర్‌కే పోతుంది. దాన్ని తెరిచే ఓటీపీ కూడా అక్కడికే. ఏడాది తర్వాత డాక్టరు "పాత క్రియాటినిన్ (కిడ్నీ టెస్టు) ఎంతుందో చూపించండి" అంటే, ఆ పాత రిపోర్టు తీయడానికి వచ్చే ఓటీపీ కూడా అదే ఫోన్‌కి. ఎస్సెమ్మెస్, ల్యాబ్ యాప్, ఆసుపత్రి పోర్టల్, ఆభా (ఆరోగ్య రికార్డుల కోసం కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నంబర్) అని ఎన్ని దారులున్నా, వాటిలో ఏది మీకు పనికొస్తుందో సగం ఆ కౌంటర్ దగ్గరే తేలిపోతుంది.

అందుకని "ఏ యాప్ మంచిది" అనే ప్రశ్న పక్కన పెట్టి, ముందు ఈ ఐదు సంగతులు చూసుకోవాలి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది ఓటీపీ. అది ఎవరి చేతిలో ఉన్న ఫోన్‌కి వస్తుంది, ఆ మనిషి అవసరమైన వేళ పక్కన ఉంటారా?

రెండోది, రిపోర్టు ఎన్నాళ్లు నిలుస్తుంది. షుగరు, థైరాయిడ్, కిడ్నీ లాంటి వాటికి ఈ రోజు అంకె కంటే మూడేళ్లుగా అది ఎటు నడుస్తోందన్నదే ముఖ్యం. నెల రోజులకు చచ్చిపోయే లింకు వాటికి సరిపోదు.

మూడోది, చేతికొచ్చేది ఏమిటి. పీడీఎఫ్ వేరు, యాప్‌లో గ్రాఫుగా కనబడే అంకెలు వేరు, ఎమ్మారై అసలు బొమ్మలు వేరు. ఒకటి ఉంటే మిగతావి ఉన్నట్టు కాదు.

నాలుగోది, నాలుగు చోట్ల చేయించిన టెస్టులు ఒక్క చోట కనబడతాయా అన్నది. ఐదోది, మీరు కాక ఇంకెవరు చూడగలరు. ఇంటిల్లిపాదికీ ఒకే నంబర్ ఇచ్చిన ఇంట్లో కోడలి ప్రెగ్నెన్సీ టెస్టు రిపోర్టు మామగారి ఫోన్‌లో మోగుతుంది. దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు.

| దారి | ముందు ఏం కావాలి | ఎన్నాళ్లుంటుంది | వేరే చోటివి చేరతాయా | సాధారణంగా ఎక్కడ తెగుతుంది |
|---|---|---|---|---|
| ఎస్సెమ్మెస్ లింకు, వాట్సాప్ పీడీఎఫ్ | ఫోన్ నంబర్ చాలు | లింకుకు గడువు ఉండొచ్చు. ఫైలు ఫోన్‌లో ఉన్నంత కాలం | చేరవు | ఫోన్ మారినప్పుడు, పాస్‌వర్డ్ దగ్గర |
| ల్యాబ్ లేదా ఆసుపత్రి సొంత పోర్టల్ | నంబర్, పేషెంట్ ఐడీ | ఆ సంస్థ ఉంచినంత కాలం | చేరవు | ఒకే మనిషికి రెండు ఐడీలు పడినప్పుడు |
| టెస్టు బుకింగ్ యాప్‌లు | యాప్ ఖాతా | ఖాతా ఉన్నంత కాలం | కొన్నిట్లో మనమే ఎక్కించుకోవచ్చు | వేరొకరి ప్రొఫైల్ మీద బుక్ చేసినప్పుడు |
| ఆభా | ఆధార్‌కు కలిపిన ఫోన్ | రికార్డు ఆసుపత్రి దగ్గరే ఉంటుంది, అక్కడున్నంత కాలం | చేరతాయి, ఆ ల్యాబ్ ఇందులో చేరి ఉంటే | పేరు, పుట్టిన ఏడాది కలవనప్పుడు |
| సర్కారు దవాఖానా పోర్టళ్లు | నంబర్, ఓపీ చీటీ | ఒక్కో చోట ఒక్కోలా | అన్నీ చేరవు | ఓపీ చీటీలో నంబర్ తప్పు పడినప్పుడు |

ఎస్సెమ్మెస్, వాట్సాప్: వేగం ఉంది, నిలకడ లేదు

ఏడాదికోసారి సీబీపీ (రక్తకణాల లెక్క), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ టెస్టు) చేయించుకునేవాళ్లకు ఇది చాలు. నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, రిపోర్టు తయారవగానే వస్తుంది. చిక్కులు రెండే చోట్ల.

ఒకటి పాస్‌వర్డ్. పీడీఎఫ్‌కు తాళం వేసే ల్యాబ్‌లు కొన్ని పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన ఏడాది కలిపి పెడతాయి. మన పేర్లతో ఇక్కడే తంటా. బిల్లు మీద ఇంటిపేరు ముందు పడిందా వెనక పడిందా, ఇంటిపేరు పూర్తిగా రాశారా ఒక్క అక్షరంతో సరిపెట్టారా అన్నదాన్ని బట్టి ఆ నాలుగు అక్షరాలు మారిపోతాయి. ఏడాది సంగతీ అంతే. కౌంటర్‌లో పుట్టిన తేదీ కాకుండా "అరవై రెండు" అని వయసు చెప్పి ఉంటే, కంప్యూటర్ ఈ ఏడాదిలోంచి 62 తీసేసి ఒక ఏడాది వేసుకుంటుంది. అది మీ ఆధార్‌లో ఉన్న ఏడాదే కానక్కర్లేదు. పాస్‌వర్డ్ తీసుకోకపోతే బిల్లు కాగితం మీద పేరు ఏ స్పెల్లింగుతో ఉందో అలాగే కొట్టండి, ఏడాదిని ఒకటి అటూ ఇటూ మార్చి చూడండి. ఎక్కువసార్లు అక్కడికే తెరుచుకుంటుంది.

రెండోది, వాట్సాప్‌లో వచ్చిన ఫైలు వాట్సాప్‌లోనే ఉంటుందిలే అనుకోవడం. ఫోన్ నిండిపోయిందని గుడ్ మార్నింగ్ బొమ్మలతో పాటు రిపోర్టునూ తుడిచేస్తే, తర్వాత ఆ మెసేజ్ మీద నొక్కినా ఫైలు రాదు, పంపినవాళ్లను మళ్లీ పంపమనాలి. బ్యాకప్ తీయకుండా ఫోన్ మార్చినా అంతే. వచ్చిన రోజే ఫైలును గూగుల్ డ్రైవ్‌కో మెయిల్‌కో పంపుకోవాలి. అప్పుడే దాని పేరు కూడా మార్చండి. ల్యాబ్ పంపే ఫైలుకు ఉండే పొడుగాటి అంకెల పేరుతో ఆరు నెలల తర్వాత ఏదీ దొరకదు. "2025-03-14 అమ్మ షుగరు కిడ్నీ" అని తేదీ ముందు పెడితే, పేర్ల వరసలో పెట్టినా తేదీల వరసే వస్తుంది.

ఇంకో మాట. రిపోర్టు చూడటానికి "ఈ ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) దింపుకోండి" అనో, ఐదు రూపాయలు కట్టమనో మెసేజ్ వస్తే అది రిపోర్టు కాదు. ల్యాబ్ రిపోర్టు బ్రౌజర్‌లో తెరుచుకునే పీడీఎఫ్‌గానే వస్తుంది. అనుమానం ఉంటే లింకు వదిలేసి, బిల్లు మీదున్న వెబ్‌సైటులో బిల్లు నంబర్ కొట్టి చూడండి.

ల్యాబ్, ఆసుపత్రి సొంత పోర్టల్: ఒకే చోటికి వెళ్లేవాళ్లకు ఇదే మేలు

విజయా డయాగ్నస్టిక్స్ లాంటి పెద్ద ల్యాబ్‌లకు, కార్పొరేట్ ఆసుపత్రులకు సొంత వెబ్‌సైటో యాపో ఉంటుంది. ఫోన్ నంబర్, ఓటీపీతో లోపలికి వెళ్తే ఆ నంబర్ మీద నమోదైన వాళ్లందరి పేర్లూ కనబడతాయి. పేరు నొక్కితే తేదీల వారీగా రిపోర్టులు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) లాంటివి గ్రాఫుగా చూపించేవీ ఉన్నాయి. ఒకే ల్యాబ్‌లో, అదే మెషీను మీద చేసిన అంకెలు కాబట్టి ఆ పోలికకు విలువ ఉంటుంది. ఈసారి ఒక ల్యాబ్‌లో హెచ్‌బీఏ1సీ 7.4, వచ్చేసారి ఇంకో ల్యాబ్‌లో 7.1 వచ్చిందని షుగరు తగ్గిందనుకోకూడదు. ఆ మాత్రం తేడా పద్ధతి మారినా వస్తుంది.

ఇక్కడ పెద్ద చిక్కు రెండు ఐడీలు పడటం. పెద్ద ఆసుపత్రుల్లో ప్రతి పేషెంటుకూ జీవితకాలం ఒకే యూహెచ్ఐడీ (పేషెంటు గుర్తింపు) నంబర్ ఉండాలి. రాత్రిపూట ఎమర్జెన్సీకి వెళ్లినప్పుడు పాత నంబర్ గుర్తుండదు, అక్కడివాళ్లు కొత్తది వేసేస్తారు. ఆ రాత్రి చేసిన టెస్టులన్నీ కొత్త ఐడీ కింద, పాతవన్నీ పాత ఐడీ కింద. పోర్టల్‌లో చూస్తే సగం మాయం. రిసెప్షన్‌లో అడిగితే లాభం ఉండకపోవచ్చు, మెడికల్ రికార్డ్స్ విభాగానికి రెండు నంబర్లూ రాసిచ్చి, గుర్తింపు కార్డు చూపి "కలపండి" అని అడగాలి. ఆసుపత్రి కార్డుకు ఒక ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకుంటే ఈ గొడవే రాదు.

పోర్టల్‌లో రిపోర్టు పక్కన కనబడే మాటలు చదవడం అలవాటు చేసుకోండి. "పార్షియల్" అంటే అడిగిన టెస్టుల్లో కొన్నే పూర్తయ్యాయి. "ప్రొవిజనల్" లేదా "ఇంటరిమ్" అంటే మారే అవకాశం ఉంది. "ఫైనల్" అన్నదే డాక్టరుకు చూపాల్సింది. మూత్రం కల్చర్‌కు (క్రిములు పెరుగుతాయేమో చూసే టెస్టు) రెండు మూడు రోజులు, రక్తం కల్చర్‌కు ఐదు రోజుల దాకా పడుతుంది. మొదటి రోజు "ఇంకా ఏమీ పెరగలేదు" అని ప్రొవిజనల్ వస్తుంది, దాన్ని చూసి ఇన్ఫెక్షన్ లేదనుకుని మందులు ఆపేసేవాళ్లున్నారు. టీబీ కల్చర్ అయితే ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా ఆగాల్సి రావచ్చు. సీబీపీ, షుగరు, థైరాయిడ్ మామూలుగా అదే రోజు వచ్చేస్తాయి. అవి కూడా రాకపోతే బిల్లులో బాకీ ఉందేమో చూడండి. పూర్తి డబ్బు కట్టేదాకా రిపోర్టును పోర్టల్‌లో ఆపి ఉంచే పద్ధతి చాలా చోట్ల ఉంది, ఆ సంగతి పోర్టల్ మాత్రం చెప్పదు.

ఆసుపత్రిలో చేరి ఉన్నప్పుడు చేసిన టెస్టులు పోర్టల్‌లో కనబడకపోతే కంగారు వద్దు. చాలా చోట్ల వాటిని డిశ్చార్జ్ ఫైలులోనే ఇస్తారు. ఇవ్వకపోతే అడిగే హక్కు మీకుంది. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డును చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు దాచాలి, పేషెంటు గానీ ఆయన తరఫున అధికారం ఉన్నవారు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అడిగేది నోటితో కాదు, రాసిచ్చి, దాని కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. ఆ 3 ఏళ్ల మాట ఇంకో వైపునుంచీ చూడాలి. నాలుగో ఏడు రికార్డు లేదంటే వాదించడానికి మిగిలేది తక్కువ.

బుకింగ్ యాప్‌లు: రిపోర్టు ఎవరి పేరు మీద?

అపోలో 24/7, టాటా 1ఎంజీ లాంటి యాప్‌లలో ఇంటి దగ్గరికే మనిషి వచ్చి రక్తం తీసుకెళ్తాడు. పెద్దవాళ్లకు ఈ సౌకర్యం చిన్నదేం కాదు. రిపోర్టు యాప్‌లోనే పడుతుంది, అంకెల్ని విడమరిచి రంగులతో చూపిస్తుంది కూడా.

కొడుకు తన ఖాతాలో అమ్మకు టెస్టు బుక్ చేస్తాడు. "పేషెంటు" అన్న చోట తన పేరే ఉందని గమనించడు. రిపోర్టు 34 ఏళ్ల మగమనిషి పేరుతో వస్తుంది. పేరు తప్పుపడింది కదా అని సరిపెట్టుకుంటే కుదరదు, పక్కన ఉండే మామూలు పరిధి కూడా తప్పే. హిమోగ్లోబిన్‌కు మగవాళ్లకు 13 నుంచి 17, ఆడవాళ్లకు 12 నుంచి 15 అని ల్యాబ్‌లు వేస్తాయి. అమ్మకు 12.4 ఉంటే బాగున్నట్టే, కానీ ఆ కాగితం మీద "తక్కువ" అని ఎర్ర గుర్తు పడుతుంది. కిడ్నీ పనితీరు చెప్పే ఈజీఎఫ్ఆర్ అయితే ఇంకా అన్యాయం. దాన్ని వయసు, ఆడా మగా చూసి లెక్క కడతారు కాబట్టి అంకె మొత్తం మారిపోతుంది. ఆ రిపోర్టును ఇన్సూరెన్స్‌వాళ్లూ తీసుకోరు. శాంపిల్ తీసే మనిషి ట్యూబు మీద స్టిక్కర్ అంటించేటప్పుడు పేరు, వయసు బయటకు చదవమనండి. సరిదిద్దడానికి అదే సరైన వేళ. రక్తం ల్యాబ్‌కు చేరాక మార్చాలంటే గుర్తింపు కార్డులు, మెయిళ్లు, నాలుగు రోజులు.

యాప్ పేరుకీ టెస్టు చేసిన ల్యాబ్ పేరుకీ తేడా ఉండొచ్చు. పీడీఎఫ్ మీద ల్యాబ్ పేరు, పాథాలజిస్టు సంతకం, ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యతకు ఇచ్చే జాతీయ గుర్తింపు) గుర్తు ఉన్నాయో లేదో చూసుకోండి. ఎన్ఏబీఎల్ గుర్తింపు కూడా టెస్టు వారీగానే ఉంటుంది. గుర్తు లేని పేజీలోని టెస్టు ఆ పరిధిలో లేకపోవచ్చు. ఇక ప్యాకేజీలు కొనమని ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఖాతా సెట్టింగుల్లో ప్రచార మెసేజ్‌లు ఆపే చోటు వెతికి ఆపేయండి.

ఆభా: ఆలోచన గొప్పది, అందుకోవడానికి కొంచెం ఓపిక కావాలి

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైంది. అందులో ప్రతి మనిషికీ ఇచ్చేదే 14 అంకెల ఆభా నంబర్. దీని చుట్టూ మన దగ్గర మూడు అపోహలున్నాయి, ముందు అవి తీర్చుకోవాలి.

ఆరోగ్యశ్రీకీ దీనికీ ముడి లేదు. ఐదు లక్షల ఆయుష్మాన్ కార్డు కూడా ఇది కాదు. ఆభా చూపిస్తే వైద్యం ఉచితం అవదు, ఇది రికార్డులకు దారి మాత్రమే. రెండోది, మీ రిపోర్టులన్నీ ఢిల్లీలో ఒక కంప్యూటర్‌లో పోగు పడవు. అవి తయారైన ఆసుపత్రి దగ్గరే ఉంటాయి, మీరు ఒప్పుకున్నప్పుడు అక్కణ్నుంచి మీ యాప్‌కు వస్తాయి. మూడోది, ఇది తప్పనిసరి కాదు. వద్దనుకుంటే తీసేయొచ్చు కూడా.

మీకు తెలియకుండానే ఆభా ఉండి ఉండొచ్చు. ఏఎన్ఎంలు, ఆశాలు ఇంటింటికీ తిరిగినప్పుడు ఆధార్, ఓటీపీ తీసుకుని చేసినవి చాలా ఉన్నాయి. ఆధార్‌తో కొత్తది చేయబోతే ఉన్న నంబరే బయటపడుతుంది, రెండోది రాదు.

నడిపే తీరు ఇదీ:

1. ఆభా యాప్ పెట్టుకుని ఆధార్ నంబర్ ఇవ్వాలి. ఓటీపీ ఆధార్‌కు కలిపిన ఫోన్‌కే వస్తుంది. ఆ సిమ్ ఎప్పుడో పోయిందంటే ముందు ఆధార్‌లో నంబర్ మార్పించుకోవాలి.
2. 14 అంకెల నంబర్‌తో పాటు, మెయిల్ ఐడీలా కనబడే ఆభా అడ్రస్ ఒకటి పెట్టుకోవాలి. రికార్డులు కలిసేది ఈ అడ్రస్‌కే. గుర్తుండే పేరు పెట్టండి.
3. ఆసుపత్రి ఓపీలో గోడకు క్యూఆర్ కోడ్ ఉంటే యాప్‌తో స్కాన్ చేస్తే మీ వివరాలు కౌంటర్‌కు వెళ్లి టోకెన్ వస్తుంది. పేరు స్పెల్లింగు మీ ఆధార్‌లో ఉన్నట్టే పడుతుంది. ఈ దారిలో నాకు అన్నిటికంటే నచ్చే లాభం ఇదే.
4. పాత రికార్డుల కోసం యాప్‌లో ఆసుపత్రి పేరు వెతికి, అక్కడ మీ పేరు మీదున్నవి కలపమని అడగాలి.
5. డాక్టరు రికార్డు కావాలని అడిగితే మీ ఫోన్‌కు అనుమతి కోరుతూ వస్తుంది. ఏ రకం రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎప్పటిదాకా చూడొచ్చు అన్నవి మార్చుకునే వీలుంది. తొందరలో అన్నిటికీ సరే కొట్టకండి. మోకాలి నొప్పికి వెళ్తే మానసిక వైద్యం రికార్డు చూపాల్సిన పని లేదు.

ఎక్కువమంది ఆగిపోయేది నాలుగో మెట్టు దగ్గర. "రికార్డులు దొరకలేదు" అని వస్తుంది. కారణాలు మూడే. ఆ ల్యాబ్ ఇంకా ఇందులో చేరలేదు. లేదా చేరింది కానీ మీరు అక్కడ వేరే ఫోన్ నంబర్ ఇచ్చారు. లేదా అక్కడి పేరు, పుట్టిన ఏడాది మీ ఆధార్‌తో కలవలేదు. మొదటి దానికి మందు లేదు. మిగతా రెంటికీ ల్యాబ్ కౌంటర్‌కు వెళ్లి ఆభా నంబర్ మీ పేషెంటు ఐడీకి కలపమనాలి. అలా కలిపాక చేసిన టెస్టులు సాఫీగా వస్తాయి, వెనకటివి వస్తాయన్న భరోసా తక్కువ. యాప్‌తో చిక్కు వస్తే హెల్ప్‌లైన్ నంబర్ 14477.

రెండు మూడు చోట్ల వైద్యం నడుస్తున్నవాళ్లు దీన్ని ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది. కానీ ఇదొక్కటే నమ్ముకుని మిగతా కాపీలు పారేసే రోజు ఇంకా రాలేదు.

సర్కారు దవాఖానాలు

తెలంగాణలో 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ పద్ధతిలో రక్తం ఇచ్చేది బస్తీ దవాఖానాలోనో పీహెచ్‌సీలోనో, టెస్టు జరిగేది జిల్లా కేంద్రంలోని హబ్‌లో. ఫలితం మీరు రక్తం ఇచ్చిన దవాఖానాకూ మీ ఫోన్‌కూ వెళ్తుంది. నంబర్ తప్పు పడితే ఫోన్‌కు రాదు గానీ దవాఖానాలో ఉంటుంది, చీటీ పట్టుకుని వెళ్లి అడగండి. చీటీ మీది బార్‌కోడ్ నంబరే అక్కడ తాళంచెవి. దాన్ని ఇంటికెళ్లే దారిలో పారేయొద్దు.

ఎయిమ్స్ వంటి కేంద్ర ఆసుపత్రుల్లో చూపించుకునేవాళ్లకు 2015 నుంచి ఉన్న ఓఆర్ఎస్ (ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ సిస్టమ్) వెబ్‌సైటులో అపాయింట్‌మెంటుతో పాటు ల్యాబ్ రిపోర్టులు చూసే వీలు కూడా ఉంది. దానికి ఆ ఆసుపత్రి ఇచ్చిన యూహెచ్ఐడీ కావాలి.

స్కాన్‌ల సంగతి వేరు

సీటీ, ఎమ్మారై తీయించుకుంటే చేతికి మూడు రకాలు రావాలి. రేడియాలజిస్టు రాసిన రిపోర్టు, ఫిల్ములు, అసలు బొమ్మలు. పోర్టల్‌లో పీడీఎఫ్ కనబడగానే పనైపోయిందనుకుంటాం. ఆపరేషన్ చేసే సర్జన్‌కు కావాల్సింది మూడోది. డైకామ్ అనే ఆ బొమ్మల్లో వందల పొరలుంటాయి, తిప్పి చూడొచ్చు, కొలవొచ్చు. ఫిల్ము మీద పడేవి ఏరిన కొన్నే. ఫిల్మును కిటికీకి ఆనించి ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే హైదరాబాద్‌లో సర్జన్ మర్యాదకు చూస్తాడు, నిర్ణయం మాత్రం తీసుకోలేడు.

సెంటర్ నుంచి లింకు ఇస్తే ఎన్ని రోజులు పనిచేస్తుందో అడగండి. ఆ లోపల కంప్యూటర్ ఉన్న చోట మొత్తం ఫోల్డరును దింపుకోవాలి. వందల ఎంబీలు ఉంటుంది, ఫోన్ డేటాతో మొదలుపెట్టొద్దు. సీడీ ఇస్తే అదే రోజు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి, ఈ కాలం లాప్‌టాప్‌లకు సీడీ పెట్టే చోటే ఉండట్లేదు. డిజీలాకర్‌లో దాచుకుందామంటే అక్కడ ఒక్కో ఫైలు 10 ఎంబీ దాటకూడదు. పీడీఎఫ్‌లకు సరిపోతుంది, స్కాన్‌లకు చాలదు.

ఇంకొకటి: గర్భిణి స్కాన్ రిపోర్టులో బిడ్డ ఆడా మగా అన్నది ఏ పోర్టల్‌లోనూ ఉండదు. 1994 చట్టం ప్రకారం చెప్పడం నేరం. "లోపలి రిపోర్టు" చూపిస్తామని డబ్బులడిగేవాళ్లు దొంగలు.

మీ పరిస్థితి ఏది?

*మూడు నెలలకోసారి షుగరు, థైరాయిడ్ చూపించుకునేవాళ్లు.* ఒక ల్యాబ్ పట్టుకోండి, మారకండి, దాని పోర్టలే వాడండి. పక్కన ఒక పుస్తకంలోనో ఫోన్ నోట్స్‌లోనో తేదీ, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, టీఎస్‌హెచ్ అని నాలుగు గడులు రాసుకోండి. డాక్టరు ఆరు పీడీఎఫ్‌లు తెరవడు, ఆ ఒక్క పేజీ చూస్తాడు.

*ఊళ్లో అమ్మానాన్న, పిల్లలు అమెరికాలోనో లండన్‌లోనో.* అమెరికాలో మైచార్ట్ (అక్కడి ఆసుపత్రుల రికార్డులు చూసే యాప్) అలవాటైన పిల్లలు ఇక్కడా అలాంటిదే ఉంటుందనుకుంటారు. అక్కడ ఇంకొకరి రికార్డు చూడటానికి ప్రాక్సీ అని అధికారికంగా అనుమతి ఇస్తారు. ఇక్కడ జరిగేది ఓటీపీ ఫోన్‌లో చదివి చెప్పడం. నాన్నకు ఓటీపీ వచ్చేసరికి అక్కడ అర్ధరాత్రి, పిల్లలు లేచేసరికి దాని గడువు అయిపోతుంది. విదేశీ నంబర్ తీసుకోని పోర్టళ్లు కూడా చాలా ఉన్నాయి. దీనికి తేలిక మార్గం, కౌంటర్‌లో ఫోన్ నంబర్ నాన్నది, మెయిల్ ఐడీ కూతురిది ఇవ్వడం. చాలా ల్యాబ్‌లు రిపోర్టును రెండు చోట్లకూ పంపుతాయి, ఓటీపీతో పనే ఉండదు. లండన్, సిడ్నీల్లో ఉన్నవాళ్లు అంకెలు చూసి హడలిపోకుండా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇక్కడ షుగరు మిల్లీగ్రాముల్లో, అక్కడ మిల్లీమోల్‌లలో. ఇక్కడి అంకెను 18తో భాగిస్తే అక్కడిది వస్తుంది. 126 అంటే 7. క్రియాటినిన్‌ను 88.4తో గుణించాలి, 1.2 అంటే సుమారు 106.

*బయాప్సీ, క్యాన్సర్ అనుమానం ఉన్న టెస్టులు.* పోర్టల్‌లో రిపోర్టు డాక్టరు చూసేలోపే మీకు కనబడొచ్చు. రాత్రి పదింటికి ఒంటరిగా తెరిచి, అర్థం కాని నాలుగు మాటలు గూగుల్‌లో వెతుక్కుంటూ తెల్లవార్లూ కూర్చోవడం ఎవరికీ మేలు చేయదు. అపాయింట్‌మెంటు ముందే తీసుకుని, ఆ రోజు పొద్దున తెరిచేలా పెట్టుకోండి. ముందే చూడాలనిపిస్తే చూడండి, అది మీ రిపోర్టు. తోడు ఒకరుండగా చూడండి. హెచ్ఐవీ ఫలితాలను కొన్ని ల్యాబ్‌లు ఆన్‌లైన్‌లో పెట్టవు, మనిషిని పిలిచి చెబుతాయి. 2017 చట్టం ఆ గోప్యతను గట్టిగా కాపాడుతుంది, కాబట్టి ఆ రిపోర్టు కనబడలేదంటే దాని అర్థం పాజిటివ్ అని కాదు.

*ఇంట్లోవాళ్లకు తెలియకూడదనుకునేవాళ్లు.* సొంత నంబర్, సొంత మెయిల్. కుటుంబ ఖాతా ఉన్న యాప్‌లో అసలు బుక్ చేయొద్దు. కౌంటర్‌లో "వాట్సాప్ వద్దు, కాగితమే తీసుకెళ్తా" అని చెబితే పంపరు. ఈ సందర్భంలో కాగితమే అన్నిటికంటే పదిలం.

తెరిచాక మొదట చూడాల్సింది అంకెలు కాదు

రిపోర్టు పైభాగంలో చిన్న అక్షరాలతో నాలుగు గడులుంటాయి. పేరు, వయసు. రక్తం తీసిన సమయం. ల్యాబ్‌కు చేరిన సమయం. రిపోర్టు విడుదలైన సమయం. రక్తం పొద్దున 7:10కి తీసి, ల్యాబ్‌కు మధ్యాహ్నం 3:40కి చేరిందనుకోండి. పొటాషియం ఎక్కువ వచ్చిందంటే జబ్బు కంటే ముందు ఆ ఎనిమిదిన్నర గంటల్ని అనుమానించాలి. రక్తకణాలు చిట్లితే లోపలి పొటాషియం బయటకొచ్చి అంకె పెరుగుతుంది. డాక్టరుకు ఆ రెండు సమయాలూ చూపిస్తే మళ్లీ తీయించమనే అవకాశం ఎక్కువ. థైరాయిడ్ టెస్టుకు ముందు జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడి ఉంటే అదీ చెప్పాలి, కొన్ని మెషీన్లలో ఆ ఫలితాన్ని అది తారుమారు చేస్తుంది.

ఎర్ర రంగులో పడిన ప్రతి అంకే జబ్బు కాదు. పరిధికి వెంట్రుకవాసి బయట ఉన్నా, చాలా దూరంలో ఉన్నా పోర్టల్‌కు ఒకే ఎరుపు. నిజంగా ప్రమాదమైన అంకె వస్తే మంచి ల్యాబ్ పోర్టల్‌లో పెట్టి ఊరుకోదు, ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్ కూడా కౌంటర్‌లో మీరిచ్చిన నంబర్‌కే వస్తుంది.

నంబర్ మారితే

సిమ్ రద్దయిన 90 రోజుల తర్వాత ఆ నంబర్‌ను కంపెనీ ఇంకొకరికి ఇవ్వొచ్చు. పాత నంబర్ మీద ఉన్న పోర్టళ్లన్నీ ఆ కొత్త మనిషి ఫోన్‌కు ఓటీపీలు పంపుతాయి. అతను ల్యాబ్ యాప్ పెట్టుకుని తన నంబర్ కొడితే మీ పేరూ మీ రిపోర్టులూ కనబడతాయి. కాబట్టి పాత సిమ్ ఇంకా పనిచేస్తుండగానే వరసగా చేయాల్సిన పనులివి: పోర్టళ్లలో ఉన్న పాత రిపోర్టులన్నీ దింపుకోవాలి, ఆధార్‌లో నంబర్ మార్చుకోవాలి, ఆభాలో మార్చుకోవాలి, ఆఖరున ఒక్కో ల్యాబ్‌లో. ల్యాబ్‌లలో ఈ మార్పు యాప్ నుంచి కుదరకపోవచ్చు, పాత బిల్లు ఒకటీ గుర్తింపు కార్డూ పట్టుకుని కౌంటర్‌కే వెళ్లాలి. వెళ్లినప్పుడు మీ ఐడీ మీద ఇంకే నంబర్లున్నాయో కూడా అడగండి. ఎప్పుడో తోడొచ్చిన పక్కింటాయన నంబర్ అక్కడ ఇంకా ఉంటే, దాన్ని తీయించండి.